కనుగంధం

మేఘశైలపు కోటలో విలువిద్య నేర్పే గరిడీ వాకిట చింతాలు బిత్తరపోయి నిలబడింది. ఆమె జన్మలో ఆ వాకిలి దాటలేదు. ఆమే కాదు, ఆ రాజ్యంలో ఏ ఆడదీ దాటలేదు. దాటితే కాళ్లు విరగ్గొడతామని పూర్వపు రాజులు ద్వారం పక్కన రాతిమీద చెక్కించి మరీ పెట్టారు. అలాంటిది నిన్న సాయంత్రం ఊరూరా దండోరా వేశారు. "ఇంతవరకూ విల్లు పట్టని ఆడవాళ్లూ మగవాళ్లూ ఎవరైనా సరే, పొద్దున్నే గరిడీకి రావాలహో! రాణీగారి ఆజ్ఞ!"

చింతాలు జొన్నచేలో మంచె మీద నిలబడి వడిసెలతో పిట్టలను తోలుకునే మనిషి. దండోరా వేసేవాణ్ని ఆపి రెండుసార్లు చెప్పించుకుంది. అయినా ఆమె బుర్రకెక్కలేదు. విద్య వచ్చినవాళ్లను పిలుస్తారు గానీ, రానివాళ్లను ఏరి పిలవడమేమిటి? ఇదేం విడ్డూరం?

అయినా వచ్చింది. రాక చస్తుందా? ఆమె మొగుడు బయ్యన్న ఆకాశంలో పంజరంలో వేలాడుతున్నాడు మరి.

ఆ సంగతి చెప్పాలంటే ముందు ధూమ్రనేత్రుడి సంగతి చెప్పాలి. ఉత్తరాన నీలగుహలో కాపురముండే ఈ మాంత్రికుడికి మేఘశైలం మీద ఎప్పటినుంచో కన్ను. వాడు శ్మశానపు బూడిదా, ఎండిన చెరువు మన్నూ కలిపి పిసికి, మంత్రాలు చదివి, ఒక మహాగద్దను చేశాడు. ఏమి గద్ద అది! రెక్కలు విప్పితే సభామండపమంత, ముక్కు చూస్తే నాగటి కర్రంత, కళ్లు రెండూ కొలిమిలో కాలే నిప్పుకణికలు. అది అరిస్తే గర్భవతులు గడపలు పట్టుకునేవారు, ఏనుగులు సాలలో గొలుసులు తెంపుకునేవి. ఆ గద్ద వేటకు వెళ్లిన యువరాజు జయధీరుణ్ని గుర్రం మీదనుంచి ఎత్తుకుపోయింది. యువరాజు గుర్రాలను చూసుకునే బయ్యన్న ఊరుకోలేదు. ఎగిరి దొరవారి కాలు పట్టుకున్నాడు. వదలమన్నా వదల్లేదు. దాంతో ఇద్దరూ పైకి పోయారు.

మర్నాడు ఆకాశవాణిలా ధూమ్రనేత్రుడి గొంతు కోటమీద మోగింది. "ఏడు మధ్యాహ్నాలు నా గద్ద మీ కోట చుట్టూ మూడేసి ప్రదక్షిణాలు చేస్తుంది. ఒక్క బాణం దాని ఒంటికి తగిలినా చాలు, ఆ గద్ద బూడిదైపోతుంది. తగల్లేదో, ఏడోనాడు పంజరంలోని ఇద్దరూ నా హోమగుండంలోకి, మేఘశైలం నా గుప్పిట్లోకి!"

ఇంతే కదా అనుకున్నారు అందరూ. మూడువందలమంది విలుకాళ్లు బురుజులెక్కారు. సభామండపమంత గద్ద, మూడువందల విళ్లు, నాలుగు మధ్యాహ్నాలు. దానికి ఒక్క ఈక ఊడితే ఒట్టు! ఎగిరే పిచ్చుక కంటిని కొట్టే మొనగాళ్లు గోడను కూడా కొట్టలేకపోయారు. ఎందుకో ఎవరికీ అంతు చిక్కలేదు. చేయి తిరిగినవాళ్ల మీద ఏదో మాయ పడిందేమో, కొత్త చేతులతో ప్రయత్నిద్దామని రాణి సుగాత్రీదేవి దండోరా వేయించింది. ఊళ్లన్నీ "అయ్యో యువరాజు, అయ్యో యువరాజు" అని గోలపెడుతున్నాయి. బయ్యన్న పేరు ఒక్కరు ఎత్తితే ఒట్టు.

వాకిట నలభైమంది ఆడవాళ్లు పోగయ్యారు. చింతాలు పక్కన కుమ్మరి సూరమ్మ నిలబడింది, భారీ మనిషి. "ఏందక్కా, లోపలికి పోదామా? పోతే కాళ్లు విరగ్గొడతారా, పోకపోతే విరగ్గొడతారా?" అని ఆమె చింతాలును అడిగింది.

"నాకేం తెలుసు తల్లీ! నాకూ తికమకగానే ఉంది."

లోపలినుంచి విలుగురువు మల్లనాయకుడు వచ్చాడు. మీసాలు చెవులదాకా, కోపం నెత్తిదాకా ఉన్న మనిషి. "ఆజ్ఞ కనక రానిస్తున్నా. ఆ గట్టు మీదున్న రాతిగిన్నె వైపు మాత్రం చూశారా, ఊరుకోను. అది కనుగంధం. ఆడవాళ్లకు లేదు!" అని గర్జించాడు.

గరిడీ ఆచారం అది. విల్లు ముట్టుకునే ముందు ప్రతివాడూ రాతిగిన్నెలో వేలు ముంచి రెండు కనురెప్పల మీదా గంధం పూసుకోవాలి. విలుకాళ్లే కాదు, నీళ్లు చల్లేవాళ్లూ బాణాలు ఏరేవాళ్లూ ద్వారపాలకులూ కూడా పూసుకుంటారు. గరిడీలో పసుపురంగు రెప్పలు లేని మగవాడు ఉండడు. వారం రోజులుగా ఆ గంధం అరగదీస్తున్నవాడు శాంతప్ప అనే ముసలాయన. పాత గంధంవాడు పోతే ఎక్కడినుంచో వచ్చి చేరాడు. వెన్నలాంటి మాట, పాలలాంటి గడ్డం. నాయకుడి గర్జన విని ఆయన కళ్లొత్తుకున్నాడు. "పాపం, ఆడబిడ్డలు. వాళ్లకు కనుగంధం లేదనడం నా ప్రాణానికి కష్టంగా ఉంది నాయకా" అన్నాడు.

చింతాలుకు ఆ ముసలాయన మీద ఎక్కడలేని ఇష్టం కలిగింది.

ఆ రోజంతా పాఠం. మల్లనాయకుడు తిడుతూనే నేర్పాడు. "ఎడమ భుజం గురికేసి తిప్పు. నారి దవడదాకా లాగు. సగం ఊపిరి వదిలి ఆపు. వేళ్లు తెరువు, అంతే! తొయ్యకు, అది పిండి తిరగలి కాదు!" సూరమ్మ మొదటి బాణం ఆమె కాళ్ల దగ్గరే పడింది. చింతాలుకు నారి ముంజేతి మీద చెళ్లున తగిలి చర్మం లేచిపోయింది. గొడుగు కింద కూర్చున్న రాణి స్వయంగా లేచి వచ్చి తన పైట చెంగు చించి ఆ చేతికి చుట్టింది. "తప్పితే తప్పింది, ఇంకోటి వెయ్యమ్మా. పుట్టగానే ఎవరు నేర్చుకున్నారు?" అంది. రాణీగారు తన చేయి పట్టుకున్నారన్న సంగతి చింతాలుకు ఇంటికెళ్లాక గానీ తోచలేదు.

ఆరోనాటికి అసలు గందరగోళం మొదలైంది. నలభైమంది ఆడవాళ్ల బాణాలూ గడ్డిబొమ్మల్లో దిగబడుతున్నాయి! సూరమ్మ వేసినవైతే బొమ్మ ముక్కుకే. పక్కన కొత్తగా వచ్చిన మగవాళ్లు, వంటవాడు తిప్పయ్య మొదలుకొని పాతికమందీ ఆచారం ప్రకారం కనుగంధం పూసుకుని వేస్తున్నారు. వాళ్ల బాణాలు చెట్లమీదికి, బావిలోకి, ఒకటి రాణీగారి గొడుగులోకి! పాత వీరులవీ అంతే. మల్లనాయకుడు తానే విల్లందుకుని పది అడుగుల దూరంనుంచి వేశాడు. బాణం వెళ్లి వంటశాల తలుపుకు గుచ్చుకుంది. ఆయన విల్లు కిందపడేసి రెండు చేతులా తల పట్టుకుని కూర్చుండిపోయాడు. "ముప్పై ఏళ్ల విద్య! ఏమైపోయింది నా విద్య!"

చింతాలుకు ఆయన మీద కోపం రావాలి, జాలి వచ్చింది. అంతలో గద్ద వచ్చింది. మిట్టమధ్యాహ్నం, దాని నీడ గరిడీని ఒక్కసారిగా ముంచేసింది. దాని కాళ్లకు మూడు బారల గొలుసు, ఆ గొలుసుకు పంజరం. పంజరంలోంచి "నేను యువరాజును! రక్షించండి!" అని ఒక గొంతు ఆగకుండా అరుస్తోంది. రెండో మనిషి అరవడం లేదు. ఊచలకు ఆనుకుని కిందికి వెతుకుతున్నాడు.

"మావా!" అని చింతాలు విల్లెత్తింది.

మల్లనాయకుడు ఆమె విల్లు పట్టుకుని ఆపేశాడు. "కనుగంధం లేకుండా శత్రువు మీద బాణం వేస్తే గరిడీ మైలపడుతుంది. మా తాతలనాటి కట్టు. బొమ్మల మీద వేసుకోండి, అభ్యంతరం లేదు."

"ఆడ నా మొగుడున్నాడయ్యా!"

"ఆచారం ఆచారమే!"

మూడు ప్రదక్షిణాలూ అయిపోయి గద్ద ఉత్తరానికి మళ్లింది. చింతాలు నేలమీద చతికిలబడింది. కొట్టగలిగినవాళ్లకు గంధం లేదట, గంధం ఉన్నవాళ్లకు గురి లేదట. ఇదేం లెక్కో ఆమెకు పిచ్చెక్కినట్టయింది.

అప్పుడు శాంతప్ప రాణి కాళ్లమీద పడ్డాడు. "తల్లీ, ఇంత నేర్చిన బిడ్డలకు కనుగంధం ఎందుకు ఉండకూడదు? ఇస్తే రేపు వాళ్లే వేస్తారు కదా గద్ద మీద!" రాణి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ద్వారం పక్కనున్న ఆ పాత రాయిని పెకలించి పారేయించింది. "రేపు పొద్దున నలభైమందికీ కనుగంధం!" అని శాసించింది. ఆడవాళ్లు ఒకరినొకరు కావలించుకుని ఏడ్చారు. మల్లనాయకుడు మాత్రం మీసం కిందికి దించుకుని వెళ్లిపోయాడు.

ఏడో ఉదయం. శాంతప్ప వరసలో ఒక్కొక్కరి రెప్పలమీదా తన చేత్తో గంధం దిద్దాడు. చల్లగా, సువాసనగా ఉంది. చింతాలు తన వంతు వచ్చినప్పుడు నిటారుగా నిలబడింది. తమ వంశంలో ఆడవాళ్లెవరికీ దక్కనిది తనకు దక్కింది. బయ్యన్న చూస్తే ఎంత మురిసిపోతాడో అనుకుంది.

తర్వాత చేతులకు పని చెబుదామని సూరమ్మ ఒక బాణం వేసింది. అది నేరుగా పోయి బావిలో పడింది.

"అరే!" అంది సూరమ్మ. ఇంకొకామె వేసింది, బాణం గోడ దాటి పోయింది. మరొకామెది చెట్టెక్కింది. నలభై విళ్లు మోగాయి. గడ్డిబొమ్మల్లో ఒక్కటీ కదల్లేదు. చింతాలు నారి లాగింది. లాగేదాకా బొమ్మ ఉన్నచోటే ఉంది. నారి దవడకు తగలగానే మూరెడు ఎడమకు జరిగింది! నారి వదులు చేస్తే మళ్లీ స్వస్థానానికి వచ్చింది. మళ్లీ లాగితే ఈసారి కుడికి జరిగింది. ఆమె కళ్లు నులుముకుంది, తల విదిలించుకుంది. నిన్న బాగా ఉన్న కళ్లకు ఇవాళ ఏమొచ్చింది? నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఏముంది?

ఉన్నది ఒకటే తేడా.

ఆమె గిర్రున వెనక్కి తిరిగింది. గరిడీలో అందరి రెప్పలూ పసుపే. ద్వారపాలకులవీ, నీళ్లవాళ్లవీ, మల్లనాయకుడివీ, ఇప్పుడు ఆడవాళ్లవీ. గిన్నె చేతబట్టుకుని చిరునవ్వు నవ్వుతున్న ఒక్క మనిషి రెప్పలు మాత్రం వట్టివి.

"తాతా, అందరికీ పూశావు. నీ కళ్లకేదీ?" అని అడిగింది చింతాలు.

శాంతప్ప చిరునవ్వు అలాగే ఉంది గానీ ఆ కళ్లలో పొగ సుడి తిరిగింది. మరుక్షణం రాతిగిన్నె గట్టుమీదనుంచి దొర్లి ముక్కలైంది. ముసలాయన గోడ మీదికి కోతిలా ఎగబాకి అవతలికి దూకాడు. కందకంలో బుడుంగుమని చప్పుడైంది. తొంగి చూస్తే బుడగలు తప్ప మనిషి జాడ లేదు.

"వాడే! వాడే ధూమ్రనేత్రుడు! గంధంలోనే ఉంది మాయ!" అని చింతాలు అరిచింది.

మల్లనాయకుడు తన రెప్పలు తడుముకున్నాడు. తాతలనాటి ఆచారమని తన మూడువందలమందికీ పూయించింది తనే. ఆడవాళ్లను ఈసడించి గంధం లేదన్నందుకే వాళ్ల కళ్లు రెండు రోజులు బాగున్నాయి. గౌరవించి ఇచ్చిన పూట చెడ్డాయి. ఏది తప్పో ఏది ఒప్పో ఆ నిమిషాన ఆయనకేమీ పాలుపోలేదు. "నీళ్లు! కడగండి!" అని మాత్రం అరిచాడు. కడిగారు, రుద్దారు, కొబ్బరిపీచుతో తోమారు. రంగు పోయింది గానీ మాయ పోలేదు.

సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. గరిడీ మీద నీడ పడింది.

మొదటి ప్రదక్షిణం. నలభై బాణాలు లేచాయి, నలభై దిక్కులకు పోయాయి. గద్ద వెక్కిరింతగా కూత పెట్టింది. రాణి గొడుగు కిందనుంచి ఎండలోకి వచ్చి నిలబడింది.

చింతాలు విల్లు దించి ఆలోచించింది. కళ్లు పనికిరావు. కళ్లు లేకుండా తాను ఎన్నడైనా గురి పెట్టిందా? పెట్టింది! మంచు కమ్మిన పొద్దుల్లో, తల ఎత్తు జొన్నల్లో, పిట్ట కనపడదు, రెక్కల చప్పుడే వినపడుతుంది. అప్పుడు ఆమె కళ్లు మూసుకునే వడిసెల తిప్పేది. గుర్రాల కొలువుకు పోకముందు అటు పక్క మంచె మీద బయ్యన్న ఉండేవాడు. ఒకరు "హో" అని పిలిస్తే రెండోవాళ్లు నోటితో పలకరు. రెండు గొంతులకు పిట్టలు అలవాటు పడతాయని ఆ చేలల్లో అందరూ అంతే. కర్రతో టక్‌టక్‌మని రెండు దెబ్బలు కొడతారు. నేనిక్కడున్నానని అర్థం.

ఆమె గోడ ఎక్కి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని గొంతు చించుకుంది. "హో..!"

"నేను యువరాజును! రక్షించండి! నేను యువరాజును!"

"హో..!"

"రక్షించండి! నేను..."

"ఓ యువరాజా! తమరికి దండం పెడతా, కాసేపు నోరు ముయ్యండి!"

గరిడీ అంతా నిలువుగుడ్లేసుకుంది. యువరాజుతో ఎవరూ పుట్టి బుద్ధెరిగాక అలా మాట్లాడలేదు. ఆ నిర్ఘాంతపాటుకే కాబోలు, ఆయన నోరు టక్కున మూతబడింది. రెండో ప్రదక్షిణం ముగుస్తోంది.

"హో..!"

పైనుంచి, సన్నగా, ఇనుము మీద కర్ర పడినట్టు. టక్, టక్.

చింతాలు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కళ్లు మూసేసుకుంది. ఎడమ భుజం తిప్పింది. నారి దవడదాకా లాగింది. టక్ టక్ అన్నచోట ఆమె మొగుడున్నాడు. ఆ చప్పుడుకు సూటిగా వేస్తే అతని గుండెలోనే దిగుతుంది. చప్పుడుకు పైన మూడు బారల గొలుసు, ఆ పైన గద్ద. బార అంటే ఎంత? చేతులు రెండూ చాచినంత. బయ్యన్న చేతులు చాచి తనను ఎత్తుకున్నంత. ఆ కొలత ఆమెకు బాగా తెలుసు.

"ఎత్తు, ఇంకొంచెం ఎత్తు" అని పక్కనే గుసగుసగా వినపడింది, మల్లనాయకుడి గొంతు. "సగం ఊపిరి వదులు తల్లీ. తొయ్యకు. వేళ్లు తెరువు."

మూడో ప్రదక్షిణం. టక్, టక్. ఆమె వేళ్లు తెరిచింది.

ఏమైందో ఆమె చూడలేదు. కుండ పగిలినట్టు ఒక చప్పుడు విన్నది. ఆ వెంటనే మేఘశైలం మీద బూడిద వాన కురిసింది. కోట బురుజులూ, రాణి కిరీటమూ, నాయకుడి మీసాలూ అన్నీ తెల్లబడిపోయాయి. పంజరం గొలుసుతో సహా వచ్చి కందకంలో దభీమని పడి రెండు చెక్కలైంది. జనం కేరింతలు కొట్టారు. సూరమ్మ చింతాలును అమాంతం ఎత్తి గిరగిరా తిప్పింది. భటులు దూకి యువరాజును ఈడ్చుకొచ్చారు. ఆయన ఒడ్డున కూర్చుని ఇంకా నోరు మూసుకునే ఉన్నాడు.

"మావా!" చింతాలు కందకం మెట్లకేసి పరుగెత్తింది.

ఎడమ మెట్ల మీద తడిసి ముద్దైన బయ్యన్న ఎక్కి వస్తున్నాడు. కుడి మెట్ల మీద కూడా తడిసి ముద్దైన బయ్యన్న ఎక్కి వస్తున్నాడు.

ఇద్దరికీ అదే చిరిగిన అంగీ. ఇద్దరికీ గుర్రం తన్నిన అదే మచ్చ నుదుటి మీద. ఇద్దరి చేతుల్లోనూ విరిగిన చెర్నాకోల పిడి.

"చింతాలూ!" అన్నాడు ఒకడు.

"చింతాలూ!" అన్నాడు ఇంకొకడు, అదే గొంతుతో.

ఆమె ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఇందాకటి మాయ కళ్లలో ఉంది, విల్లు దింపితే పోతోంది. ఇప్పుడు చేతిలో విల్లు లేదే! మల్లనాయకుడు తన సొంత విల్లు, ముప్పై ఏళ్లుగా ఎవరినీ ముట్టనివ్వని విల్లు, ఒక బాణంతో సహా ఆమె చేతిలో పెట్టాడు. ఆమె కళ్లు మూసుకుంది. పక్కన రాణి "వద్దమ్మా, పొరపాటైతే..." అని ఆగిపోయింది.

"హో!" అని పిలిచింది చింతాలు.

"హో!" అని కుడినుంచి గట్టిగా, ప్రేమగా పలికింది బయ్యన్న గొంతు.

ఎడమనుంచి గొంతు లేదు. రాతిమెట్టు మీద కర్ర. టక్, టక్.

నీళ్లలో మునిగి దాక్కున్నవాడికి పైన ఏ పిలుపుకు ఏ బదులు వచ్చిందో ఎలా తెలుస్తుంది? చింతాలు కుడికి తిరిగి బాణం వదిలింది. బయ్యన్న గొంతే కెవ్వున అరిచింది. ఆ అరుపుకు ఆమె ప్రాణం సగం పోయింది. కళ్లు తెరిచి చూస్తే కుడి మెట్ల మీద మనిషి లేడు, నల్లటి పొగ ఉంది. భుజాన గుచ్చుకున్న బాణంతోనే ఆ పొగ సుడులు తిరుగుతూ లేచింది.

"ఒసే పిట్టలు తోలేదానా! నా నీలగుహలో దీపం వెలుగుతున్నన్నాళ్లూ మీ కళ్లకు ఆ గంధం వదలదు! ఎన్నాళ్లు కళ్లు మూసుకు కొడతారో చూస్తాను!" అంటూ పొగ ఉత్తరానికి పారిపోయింది.

బయ్యన్న మెట్లెక్కి వచ్చి ఆమె ముంజేతికి చుట్టిన పట్టుగుడ్డను వింతగా చూశాడు. విల్లును చూశాడు. చుట్టూ నిలబడ్డ నలభైమంది ఆడవాళ్లను చూశాడు. ఏడు రోజులు ఆకాశంలో ఉండి వచ్చినవాడికి కింద లోకమే మారిపోయినట్టుంది. ఒక్క ముక్కా అర్థం కాలేదు పాపం.

"ఇంటికి పోదామా చింతాలూ?" అన్నాడు ఆఖరికి.

ఆమె అతని చేయి పట్టుకుని తనివితీరా ఏడ్చింది. తర్వాత పైటతో ముఖం తుడుచుకుని ఉత్తరాన సన్నగా కనిపిస్తున్న పొగ గీతకేసి చూసింది. సూరమ్మ అప్పుడే బాణాలు ఏరుకుంటోంది.

"మావా, దొరవారి సాలలో గుర్రాలెన్ని?"

"నలభై పైమాటే. ఎందుకు?"

"జీన్లు కట్టు."

బయ్యన్న నోరు వెళ్లబెట్టాడు. "వీళ్లకా? వీళ్లలో ఒక్కరికైనా గుర్రమెక్కడం వచ్చా?"

"రాదు. మొన్నటిదాకా విల్లు పట్టడమూ రాదు" అంది చింతాలు.